విడి కాగితాలు స్వీకరించబడవు

ఆ రోజు పొద్దున బైండరు వేసుకున్న పథకంలో లోపమంటూ ఏమీ లేదు. ఆరింటికి లేవాలి. ఏడింటికి ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి. ఎనిమిదింటి బస్సెక్కి తొమ్మిదిన్నరకల్లా వీసా ఆఫీసు గేటు ముందు నిలబడాలి. పదిన్నరకు ఇంటర్వ్యూ. ఒంటిగంటకు ఇంటికొచ్చి అన్నం తిని, సగంలో ఆగిన హాజరు పుస్తకాలకు అట్టలు వేయాలి. ఇంత తేలిక పనికి భార్య తోడు రావడం ఎందుకో ఆయనకు అర్థం కాలేదు గాని, ఆవిడ చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడిపోయాక కాదనడానికి వీల్లేకపోయింది. లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరట. దాన్ని పట్టుకుని బయట కూర్చోవడానికైనా ఒక మనిషి ఉండాలి.

వీధిలో ఆయన్ని జిగురాయన అంటారు. ముప్పై ఏళ్లుగా పుస్తకాలకు జిగురు పూస్తున్నందుకు కొంత, ఒక సంగతిని పట్టుకుంటే ఊడిరానందుకు మిగతా. పట్టుకోవడం తప్ప మాటలు తక్కువ. ఆయన మనసులో ఉన్న ముల్లు ఒకటే. పుస్తకం మీద రాసినవాడి పేరుంటుంది. వేయించినవాడి పేరుంటుంది. అచ్చాఫీసు పేరు అడుగున చిన్న అక్షరాల్లోనైనా ఉంటుంది. కట్టు కట్టినవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు. వేల పుస్తకాలు ఆయన బల్ల మీదుగా వెళ్లిపోయాయి, ఒక్కటీ వెనక్కి తిరిగి చూడలేదు.

అలాంటిది, సముద్రాలవతల ఒక గ్రంథాలయం నుంచి ఉత్తరం వచ్చింది. కవరు మీద ఆయన పేరు, లోపలా ఆయన పేరు, అదీ అచ్చులో. నెట్ సెంటరావిడ దాన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, వెనక నలుగురు కాచుకుని ఉండడంతో రెండు ముక్కల్లో తేల్చేసింది. "మీరు కట్టిన నోటుపుస్తకం ఒకటి వాళ్ల దగ్గరుందట. నీళ్లలో నానినా విడిపోలేదట. రెండు నెలలు వచ్చి వాళ్ల పిల్లలకి నేర్పమంటున్నారు." దానికి వేయాల్సిన దరఖాస్తు పేరు సాంస్కృతిక, విద్యా వినిమయ సందర్శకుల వీసా. ఆ పేరు చదవడానికి ఆవిడ మధ్యలో ఒకసారి ఊపిరి పీల్చుకోవలసి వచ్చింది. ఇంటర్వ్యూకి దొరికిన తేదీ ఇదొక్కటే. ఇది తప్పితే మళ్లీ నాలుగు నెలలకు. అప్పటికి ఆ పాఠాలు మొదలై ముగిసిపోతాయి కూడా.

కాబట్టి బైండరు ఆ ఆఫీసు వాళ్లు పంపిన సూచనల కాగితాన్ని కంఠస్థం చేశాడు. అందులో ఏడో సూచన ఆయనకు తెగ నచ్చింది. 'పత్రాలన్నీ వరుస క్రమంలో, ఒక్కచోట జతపరిచి తీసుకురావలెను. విడి కాగితాలు స్వీకరించబడవు.' లోకంలో ఇన్నాళ్లకు ఒక ఆఫీసుకు బుద్ధొచ్చిందనుకున్నాడు. అందరూ పిన్ను కొడతారు, లేదా ప్లాస్టిక్ సంచిలో దోపుతారు. తానెవరు? ముందురోజు మధ్యాహ్నం దరఖాస్తు, ఆహ్వానం, ఇంటి పత్రం, అచ్చాఫీసు వాళ్లిచ్చిన యోగ్యతా పత్రం, ఇంటర్వ్యూ చీటీ, అన్నీ వరుసగా పేర్చి, వెనక పట్టీలు అతికించి, కుట్టమని భార్య ముందు పెట్టాడు. మధ్యలో పాస్‌పోర్టు కూడా పెట్టాడు.

"పాస్‌పోర్టు కూడానా?" అంది ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ.

"విడివి తీసుకోరట."

"విడి కాగితాలు కదా తీసుకోనిది. ఇది పుస్తకం కదండీ."

"కాగితమే విడిగా ఉండకూడదంటే, పుస్తకం విడిగా ఉంటే ఊరుకుంటారా?"

ఆవిడ దారానికి మైనం రాసి, పాస్‌పోర్టును తెరిచి, దాని నడి మడతను కాసేపు వేలితో తడిమి చూసి, కుట్టింది. తర్వాత పనంతా ఆయనదే. వీపుకు జిగురు పూశాడు. బరువు కింద నొక్కాడు. కటింగు మిషన్లో పెట్టి మూడు అంచులూ అద్దంలా కోశాడు. చిన్నదైన పాస్‌పోర్టు మధ్యలో ఒదిగి కత్తికి అందలేదు. ఇంటర్వ్యూ చీటీ అడుగున మాత్రం ఏవో నల్ల గీతలు బారులు తీరి ఉన్నాయి. అచ్చాఫీసు నుంచి వచ్చే ప్రతి కాగితం అంచునా గీతలుంటాయి. అవి కోసి పారేయడానికే ఉంటాయి. కోశాడు. నీలం గుడ్డ అట్ట వేసి, మీద బంగారు రేకుతో 'వీసా దరఖాస్తు, సంపూర్ణం' అని అద్దాడు. రాత్రంతా దాన్ని బరువు కింద ఉంచి, హాయిగా నిద్రపోయాడు.

గేటు దగ్గర కాపలాదారు మొదట ఆయన జేబులోని చిన్న చెక్కుడు కత్తి తీసి, నంబరు చీటీ కట్టి డబ్బాలో వేశాడు. తర్వాత చేతిలోదాని వైపు చూశాడు.

"లోపలికి పుస్తకాలు తేకూడదండీ. కాగితాలు మాత్రమే."

"కాగితాలే."

"గట్టి అట్టుంది. బంగారు అక్షరాలున్నాయి. ఇది కాగితాలంటే ఎట్లా?"

"నిన్న మధ్యాహ్నం దాకా కాగితాలే," అన్నాడు బైండరు.

కాపలాదారు ఏడో సూచన చదివించుకుని, ఒప్పుకోక తప్పక, "సరే, చీటీ చూపించండి" అన్నాడు. చేతిలోని యంత్రాన్ని చీటీ మీద పెట్టాడు. అది కుయ్యిమనలేదు. పైన పెట్టాడు, కింద పెట్టాడు, తిరగేశాడు. "గీతలేవండీ?"

"ఏ గీతలు?"

"అడుగున నల్ల గీతలుంటాయి కదా. అవుంటేనే గేటు తెరుచుకుంటుంది. మీరు మీరేనని చెప్పేవి అవే."

బైండరు చీటీ అంచు వైపు చూశాడు. తనేనని చెప్పేదాన్ని తన చేత్తోనే కోసి పారేశాడన్నమాట. అయినా వెనక్కి తగ్గే మనిషి కాదు. "గీతలు ఇంట్లో ఉన్నాయి. తెప్పిస్తాను. ఎప్పటిదాకా రానిస్తారు?"

"పదకొండు. ఆ తర్వాత నేను రానిచ్చినా గేటు రానివ్వదు."

చెట్టు కింద అరుగు మీద కూర్చున్న భార్య అప్పటికే ఫోను తీసి తమ్ముడికి చేసింది. బైండింగు కొట్లో కటింగు మిషను తుడిచేది, తాళం వేసేది అతనే. "ఒరేయ్, నిన్నటి కత్తిరింపుల సంచీ ఎక్కడుంది?"

"గాజు సామాన్ల కొట్టాయనకి ఇచ్చేశా కదక్కా, పొద్దున్నే. రోజూ ఇచ్చేదేగా."

"ఆయనేం చేశాడు?"

"కప్పుల పెట్టెలో కుక్కేశాడు. వ్యాను బయల్దేరుతోంది."

"ఆ వ్యానుని ఇక్కడికి తిప్పు."

"అక్కా, ఆయన ఒప్పుకోడే!"

"బావకి వీసా రాకపోతే రేపట్నుంచి నీకు ఆయనే కనపడతాడు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఆలోచించుకో."

తమ్ముడు ఎక్కువసేపు ఆలోచించలేదు. పదీ నలభైకి వ్యాను గేటు ముందు ఆగింది. ముందు సీట్లోంచి తమ్ముడు దూకాడు. వెనకనుంచి గాజు కొట్టాయన దిగి, పెద్ద చెక్కపెట్టెకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. కాపలాదారు ఈల ఊదుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఆగండాగండి! పెట్టెలో ఏముంది?"

"కప్పులు," అన్నాడు గాజు కొట్టాయన. "నూటరవై. ఒక్కటి చిట్లినా ఊరుకునేది లేదు."

"ఇక్కడికి కప్పులు ఎందుకు?"

"కప్పులు కాదు, గీతలు," అన్నాడు బైండరు.

"గీతలేంటి బావా?" అన్నాడు తమ్ముడు. అక్క చెప్పిందల్లా వ్యాను తిప్పమనే. ఎందుకో అడగడం దారిలో అతనికి తట్టలేదు.

చెప్పే తీరిక లేదు. పెట్టె తెరిస్తే తప్ప సంగతి తేలేలా లేదు. తెరిస్తే కప్పులు కింద పెట్టడానికి గాజు కొట్టాయన ఒప్పుకోడు. సిమెంటు మీద గాజు ఎవరైనా పెడతారా అంటాడు. బైండరు అటూ ఇటూ చూశాడు. వీసా కోసం వరుసలో నిలబడినవాళ్లు గుడ్లప్పగించి చూస్తున్నారు. దగ్గర దగ్గర నలభై మంది. ఆయన మొదటి మనిషి దగ్గరకు వెళ్లి, "కాస్త పట్టుకోండి" అని రెండు చేతుల్లో రెండు కప్పులు పెట్టాడు. ఆ తర్వాతి మనిషి అడగకుండానే చేతులు చాపాడు. కొన్ని నిమిషాల్లో వరుస వరుసంతా మనిషికి రెండేసి కప్పులతో, అడుగు కదిలితే ఎక్కడ తగులుతాయోనని శిలల్లా నిలబడింది. మిగిలినవి ఒడుల్లోకి, టోపీల్లోకి, ఒకావిడ విప్పి పరిచిన శాలువాలోకి వెళ్లాయి. చివరి రెండూ కాపలాదారు చేతికొచ్చాయి.

కప్పుల మధ్య కుక్కిన కాగితపు పీలికలు గాలికి రేగి రోడ్డంతా పరుచుకున్నాయి. హాజరు పుస్తకాల అంచులు, బడి నోటుపుస్తకాల అంచులు, పెళ్లిపత్రికల అంచులు, అన్నీ ఒకే తెలుపు, ఒకే వెడల్పు. తమ్ముడు గుప్పిళ్లతో ఏరుతున్నాడు. బైండరు మోకాళ్ల మీద పాకుతున్నాడు. సరిగ్గా అప్పుడే లోపలినుంచి కాపలాదారు పైఅధికారి వచ్చి గేటు దగ్గర ఆగిపోయాడు.

"ఎవరిచ్చారు ఈ విందు?" అన్నాడు.

కాపలాదారు సెల్యూట్ కొట్టబోయి, కప్పులు గుర్తొచ్చి, మొహంతోనే ఏదో చేశాడు.

"ఏవండీ, పాకకండి, లేవండి," అంది బైండరు భార్య. ఆవిడ ఏరడం లేదు. అరుగు మీద కూర్చుని, తమ్ముడు తెచ్చి పోసిన పీలికల్ని ఒక్కొక్కటీ బొటనవేలితో నిమురుతోంది. "మన కత్తికి మొన్నట్నుంచి చిన్న నొక్కు పడింది కదా. సాన పట్టించమని చెప్తూనే ఉన్నా. అది కోసిన ప్రతిదానిమీదా సన్నటి గీర పడుతుంది. ఆ చీటీ కాగితమేమో నున్నగా, మందంగా ఉంటుంది." ఇంకో నాలుగు నిమిరి, అయిదోదాన్ని పైకెత్తింది. "ఇదిగో."

పుస్తకం తెరిచి ఆ పీలికను చీటీ అంచుకు ఆనించింది. గీరకు గీర సరిగ్గా కలిసింది. కాపలాదారు కప్పులు పైఅధికారి చేతిలో పెట్టి యంత్రం తీశాడు. కుయ్యిమంది. వరుసలో నలభై మందికీ చప్పట్లు కొట్టాలనిపించింది గాని చేతులు ఖాళీ లేవు. గడియారం పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ చూపిస్తుండగా బైండరు లోపలికి వెళ్లాడు. గాజు కొట్టాయన కప్పులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

లోపల కౌంటరు అద్దం వెనక ఒక అమ్మాయి ఉంది. ఆమె పక్కన విదేశీ అధికారి, జుట్టు నెరిసిన పెద్దమనిషి. ఆయన మాటలు ఈయనకూ, ఈయన మాటలు ఆయనకూ ఆ అమ్మాయే చేరవేస్తుంది. బైండరు పుస్తకాన్ని రెండు చేతులతో అద్దం కింది సందులోకి తోశాడు. అది పట్టలేదు. పక్కనున్న చిన్న తలుపు తీసి పుచ్చుకున్నారు.

"బాగుంది సార్," అంది అమ్మాయి తిప్పి చూస్తూ. "పాస్‌పోర్టు ఇవ్వండి."

"నలభై రెండో పేజీ."

ఆమె నలభై రెండో పేజీకి వెళ్లింది. లాగి చూసింది. "రావట్లేదు."

"రాదు. ఇరవై ఏళ్లు గ్యారంటీ."

"సార్, పాస్‌పోర్టు యంత్రంలో పెట్టాలి. తర్వాత మా దగ్గరే ఉంచుకుని వీసా అతికించాలి. ఇంత పుస్తకం యంత్రంలో పట్టదు."

"అతికించేది నలభై రెండో పేజీలోనే అతికించండి. నేనే కావాలంటే అతికిస్తాను, జిగురు మాత్రం మీది."

అధికారికి ఇదంతా చేరేసరికి ఆయన మీసాల కింద ఏదో కదిలింది. పుస్తకాన్ని తన వైపు లాక్కుని, అట్ట తెరిచి మూసి, అంచు మీద వేలు పోనిచ్చి, ఒక ప్రశ్న వేశాడు.

"రెండు నెలలయ్యాక మీరు తిరిగొచ్చేస్తారని మాకు నమ్మకమేంటి అంటున్నారు," అంది అమ్మాయి.

"మా కటింగు మిషను పది మంది మోస్తే కదులుతుంది," అన్నాడు బైండరు. "దాన్ని వదిలి నేనెక్కడుంటాను?"

అధికారి తలూపి, నోటు రాసుకుని, పాస్‌పోర్టు బయటికి తీస్తే మిగతా సంగతి చూస్తానన్నాడు. బైండరు వెనకాడలేదు. తన పనే కదా. గేటు దగ్గర పెట్టిన కత్తి కావాలన్నాడు. ఇద్దరు కాపలాదారులు దాన్ని పళ్లెంలో పెట్టుకొచ్చి, ఆయనకు చెరోపక్క నిలబడ్డారు. బైండరు నీలం అట్టను రెండు కోతల్లో ఊడదీశాడు. వీపు మీది గుడ్డ ఒలిచాడు. ఎండిన జిగురును పొలుసుల్లా గీకాడు. ఒక్క కాగితం చిరగలేదు. అధికారి కుర్చీ ముందుకు జరుపుకుని చూస్తున్నాడు.

జిగురు కింద కుట్టు బయటపడింది. బైండరు కత్తి అక్కడ ఆగింది.

ముప్పై ఏళ్లుగా ఆయన ఆ కుట్టు మీద జిగురు పూశాడే తప్ప, కుట్టు వైపు చూసింది లేదు. దారాలు ఒకదాని కిందనుంచి ఒకటి దూరి, మళ్లీ పైకొచ్చి, ఎక్కడో మాయమవుతున్నాయి. మొదలేదో తెలియదు, చివరేదో తెలియదు. ఏ దారం కోస్తే పాస్‌పోర్టు చిరుగుతుందో తెలియదు. చిరిగిన పాస్‌పోర్టుకు వీసా ఉండదని పదకొండో సూచన. చొక్కా ఇస్త్రీ మడతల వెంట చెమట దిగసాగింది.

"లాగెయ్యండి సార్," అంది అమ్మాయి.

"లాగితే చిరుగుతుంది."

"కుట్టింది మీరే కదా?"

ఔనంటే ఒక్క మాట. కాని ఆ మాటతో దారం ఊడదు. పైగా ముప్పై ఏళ్లలో ఆయన అతకని చోట అతికినట్టు చెప్పింది లేదు. బైండరు కత్తి కింద పెట్టాడు.

"మా ఆవిడ. బయటుంది."

అధికారి కబురు పంపితే, ఫోను తమ్ముడికిచ్చి, ఆవిడ పక్క తలుపులోంచి లోపలికొచ్చింది. చేతికి అంటిన కాగితపు నలుసులు దులుపుకుని, ఊడిన పుస్తకాన్ని, ఆయన మొహాన్ని ఒకసారి చూసింది. కొంగు మూలతో దారపు కొసను ఎక్కడో పట్టుకుని మెల్లగా లాగింది. కుట్టంతా పొడుగ్గా, ఒకే దారమై, చప్పుడు లేకుండా చేతిలోకి వచ్చేసింది. పాస్‌పోర్టు బల్ల మీద పడింది. అమ్మాయి దాన్ని తెరిచి, భూతద్దంతో పేజీ పేజీ వెతికింది.

"ఒక్క కన్నం కూడా లేదు!"

"దాని కుట్టు దానికుంది కదమ్మా. ఆ దారం కిందనుంచే మన దారం పోనిచ్చా," అంది ఆవిడ. "ఇవాళ ఎవరో ఒకరు విప్పమంటారని తెలుసు. అందుకే జారుముడి వేశా."

"నాతో చెప్పచ్చుగా," అన్నాడు బైండరు.

"చెప్పా. పుస్తకం విడిగా ఉంటే ఊరుకుంటారా అన్నారు."

అధికారి గ్రంథాలయం వాళ్ల ఉత్తరం తీసి, ఒక వాక్యం మీద వేలు పెట్టి అమ్మాయికి చూపించాడు. ఆమె మొదట మనసులో చదువుకుంది. తర్వాత బైండరు మొహం చూడకుండా పైకి చదివింది. "'మా నేలమాళిగలోకి నీళ్లొచ్చి ఆ నోటుపుస్తకం మూడు రోజులు మునిగింది. అట్ట ఊడింది. జిగురు మొత్తం కరిగిపోయింది. కుట్టు మాత్రం ఒక్క పోగు కదల్లేదు. ఆ కుట్టు వేసినవారు ఎవరని అచ్చాఫీసును అడిగితే ఈ పేరు ఇచ్చారు. ఆ కుట్టునే మా విద్యార్థులకు నేర్పవలసిందిగా కోరుతున్నాము.'"

జిగురు మొత్తం కరిగిపోయింది అన్న మాట దగ్గర బైండరుకు చెవులు వేడెక్కాయి. ఆ తర్వాత ఇంకో సంగతి నెమ్మదిగా తలకెక్కింది. కట్టినవాడి పేరు ఎక్కడా ఉండదని ముప్పై ఏళ్లు గొణిగాడు. ఆ గొణుగుడంతా ఎదురుగా కూర్చుని, మైనం రాసుకుంటూ విన్న మనిషి ఒకతి ఉంది. ఆమె పేరు ఏనాడైనా ఎవరికైనా చెప్పాడా? అచ్చాఫీసువాళ్లకు తెలియదు. ఆ మాటకొస్తే, కొట్టు బోర్డు మీదా లేదు.

"ఈ పేరు మీద వీసా ఇవ్వలేమంటున్నారు," అంది అమ్మాయి. "తిరస్కరించడం కాదు. పిలిచింది ఈవిడని. ఉత్తరం ఈవిడ పేరున తెప్పించుకుని మళ్లీ రండి."

"రాయిస్తాను," అన్నాడు బైండరు వెంటనే. పట్టు ఆయనదే, పట్టుకున్న కొస మాత్రం మారింది. "ఇవాళే రాయిస్తాను. పేరు తప్పు లేకుండా."

అధికారి ఆవిడ వైపు తిరిగాడు. "వెళ్తారా అని అడుగుతున్నారమ్మా," అంది అమ్మాయి.

బతిమాలించుకుంటుందనుకున్నాడు బైండరు. "వెళ్తాను," అంది ఆవిడ, అంతకుముందే అనుకుని ఉంచుకున్నట్టు. ఒక్క క్షణం ఆగి, "ఈయన్ని కూడా తీసుకెళ్లచ్చా?" అంది.

"వెళ్లచ్చు. మీ మీద ఆధారపడినవారి కింద రాస్తారు."

"ఈయనకి అది అలవాటే," అంది ఆవిడ, దారాన్ని ఉండగా చుట్టుకుంటూ.

గేటు దగ్గర గాజు కొట్టాయన ఇంకా ఉన్నాడు. నూట యాభై తొమ్మిది కప్పులు తేలాయి. మిగిలిన ఒకటి పైఅధికారి బల్ల మీద, టీతో సహా దొరికింది. ఇంటికి వెళ్లే బస్సులో బైండరు "ఆ జారుముడి ఎక్కడ వేశావు?" అన్నాడు. ఆవిడ ఉండ విప్పి, దారి పొడుగునా, ఆయన వేళ్ల మీదే వేసి చూపించింది. మూడుసార్లు చూపించినా ఆయనకు రాలేదు. నాలుగోసారి అడిగాడు.

రెండు వారాల్లో కొత్త ఉత్తరం వచ్చింది. ఆవిడ పాస్‌పోర్టు తయారయ్యేదాకా పాఠాలు వెనక్కి జరుపుతామని కూడా రాశారు. ఈసారి పేరు ఆవిడది. నెట్ సెంటరావిడ చేత బైండరు దాన్ని మొదట్నుంచి చివరిదాకా, ఒక్క మాట వదలకుండా, వెనక ఎంతమంది కాచుకున్నా సరే, రెండుసార్లు చదివించాడు. కాగితాలన్నీ పిన్నైనా కొట్టకుండా ప్లాస్టిక్ సంచిలో దోపాడు. తన దరఖాస్తు తనే నింపాడు. 'ఎవరితో ప్రయాణం' అన్నచోట భార్య పేరు పెద్ద అక్షరాలతో రాశాడు. 'ప్రయాణ ఉద్దేశం' అన్నచోట కలం పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరకు రాశాడు: 'నీళ్లకు కరగని జిగురు నేర్చుకొనుటకు.'